రామా రంగోళ్ల ఫోటో

మా పెద్ద కోడలు విద్యావతి మొన్నటి దివాళీకి మహారాష్ట్ర అంచున ఉన్న మా కుండల్‌వాడి ఊరంతటికీ ఒకే రంగు బట్టలు తొడిగించింది. ముసలీ ముతకా, మేకా మేకపిల్లా, ఎవరినీ వదలలేదు. ఆ పూట పైనుంచి విమానంలో పోతున్నాయన కిందికి చూసి, ఇక్కడ ఇంత పెద్ద చెరువు ఎప్పుడు తవ్వారని పక్కాయన్ని అడిగాడట.

సరే, విమానాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మేకల్ని కూడా. ఊరంతా అన్నది కూడా కొంచెం ఎక్కువే. బజారులో ఫోటో స్టూడియో మెట్ల మీద నిలబడ్డవాళ్లలో సగం మంది అంటే సరిపోతుంది. వాళ్లకు తొడిగించింది విద్యావతి కూడా కాదు, వాళ్లంతట వాళ్లే తొడుక్కొచ్చారు. మిగిలిందంతా నిజం. చిన్నప్పుడు నిజామాబాద్ కాన్వెంటులో మాకు చదువు చెప్పిన సిస్టర్లు, అబద్ధమాడితే నాలుక మీద నల్ల మచ్చ పడుతుందన్నారు. నాకు డెబ్బై దాటాయి. రోజూ అద్దంలో చూసుకుంటున్నాను. నాలుక శుభ్రంగా ఉంది.

విద్యావతిది దెగ్లూర్ దగ్గర పల్లె. పదిహేనేళ్ల కింద మా నాగనాథ్‌ను చేసుకుని ఈ ఇంటికొచ్చింది. పొలానికి పోయేవాళ్లకు రొట్టెలు ఆమె చేతివి, బర్రె పాలు ఆమె చేతివి, నా బీపీ గోలీ ఎక్కడ పెట్టానో తెలిసిందీ ఆమెకే. ఇంట్లో ఏ పని చూసినా ఆమె కనిపిస్తుంది. పెళ్లి నాటివి పోను, ఫోటోల్లో మాత్రం కనిపించదు.

మా ఇంట్లో ఫోటోలకు కొదువ లేదు. ఇల్లు కట్టినప్పటివి, మా బిడ్డ వర్ష పెళ్లివి, మనవడి పుట్టువెంట్రుకలవి, అన్నీ ఉన్నాయి. ఒకదాంట్లో చాయ్ పళ్లెం పట్టుకున్న విద్యావతి చెయ్యి ఉంది. ఇంకోదాంట్లో తలుపు చాటున ఆమె కొంగు ఉంది. వర్ష పెళ్లి ఫోటోలో ఆమె మోచెయ్యి మహా స్పష్టంగా పడింది. ఫోన్లు వచ్చాక ఆ మోచెయ్యి కూడా పోయింది. ఎందుకంటే ఫోన్ పట్టుకుని తీసేది ఆమే. "విద్యా, జర తియ్యే" అంటారు, అందరూ వరుసగా నిలబడతారు, ఆమె తీస్తుంది, ఆ తర్వాత ఫోటో బాగొచ్చిందా లేదా అని అందరూ ఆమె భుజం మీదుగా తొంగి చూస్తారు. "నువ్వు గూడ రా" అని ఒక్కరూ అనరు. నేనూ అనలేదు.

దసరా పోయిన వారానికి మా చిన్న కోడలు శీతల్ ఒక మాట తెచ్చింది. శీతల్ నాందేడ్‌లో పెరిగిన పిల్ల. నవరాత్రి తొమ్మిది రోజులూ పేపర్లో ఏ రోజుకు ఏ రంగు వేస్తారో చూసి ఆ రంగు చీరే కట్టే రకం.

"అక్కా, ఈసారి దివాళీల భావుబీజ్ దినం అందరం ఒక్క రంగు బట్టలల్ల ఫోటో దిగుదం. మా నాందేడ్‌ల అందరు గట్లనే దిగుతున్నరు. ఫోన్‌ల గాదు, నందకిషోర్ స్టూడియోల, పెద్ద కెమెరాల."

విద్యావతి రొట్టె తట్టడం ఆపింది. "అంటే తీసేటిది నందకిషోరా?"

"మరెవరు తీస్తరు?"

"అంటే నేను గూడ నిలబడచ్చు."

శీతల్ నవ్వి, "నిలబడక ఏంజేస్తవక్కా" అని వెళ్లిపోయింది. పెనం మీద రొట్టె మాడింది. పదిహేనేళ్లలో విద్యావతి చేతిలో రొట్టె మాడడం నేను చూడడం అదే మొదలు.

ఆ క్షణం నుంచి ఆ ఫోటో విద్యావతి మీద పడింది. అన్నది శీతల్, మోసింది ఈమె. ముందు రంగు తేలాలి. నలుపు అనగానే మా ఆవిడ పార్వతీబాయి చెవులు మూసుకుంది. నలుపు ఇక్కడ సంక్రాంతికే కడతారు, దివాళీకి దరిద్రం అంది. తెలుపు అంటే "ఎవలు పోయిండ్రే ఇంట్ల?" అంది. పసుపు అంటే ఇది ఫోటోనా, పెళ్లికొడుకును చేసేదా అని మా చిన్నోడు యోగేశ్ ఎగతాళి. నాగనాథ్‌కు సొసైటీ ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉంది. అందుకని వాడు మిగతా రంగులన్నీ కొట్టేశాడు.

"కాషాయం తొడుక్కుంటే ఒక జెండా అంటరు. నీలమైతే ఇంకో జెండా. ఆకుపచ్చ అయితే ఇంకోటి. నాకు ఓట్లు అందరియి గావాలె."

"ఫోటో మనింట్ల గోడకుంటది," అంది విద్యావతి. "ఓట్లేసెటోల్లు మన గోడ చూడనీకి అస్తరా?"

"అస్తరు. చాయ్ తాగనీకి అస్తరు."

"చాయ్ పెట్టేది నేను. గోడకు పర్దా కడ్త. ఇగ రంగు చెప్పు."

అయితే అందరం బనియన్ మీద దిగుదామని లేచి వెళ్లిపోయాడు.

ఇంతలో పార్వతీబాయి అసలు సంగతి బయటపెట్టింది. "ఈ ఏడు వానలకు సోయా చేన్లనే కుళ్లె. కొత్త బట్టలు యాడికెళ్లి? సందుగల లేవా?"

సందుగ అంటే బట్టల పెట్టె, దాని సంగతి చెప్పాలి. మా దిక్కు పెళ్లికి పోతే ఆహేర్ పెడతారు. ఆడవాళ్లకు చీర, మగవాళ్లకు షర్టు పీసు. పాతకాలం వాళ్లకైతే టోపీ, టవల్ కూడా. ఆ బట్టను కట్టుకోవడానికి ఇచ్చారని ఎవరూ అనుకోరు. మడత విప్పకుండా సందుగలో పెడతారు. మళ్లీ పెళ్లి వస్తే అదే తీసి ఇంకొకరికి పెడతారు. అట్లా ఒక చీర దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ అన్నీ తిరిగొస్తుంది, ఒక్క ఒంటినీ తాకకుండా. నేనొకసారి ఒక షర్టు పీసుకు మూలన సిరాచుక్క పెట్టి వదిలాను. పదకొండేళ్లకు కాశీయాత్ర చేసొచ్చిన మనిషిలా మా ఇంటికే తిరిగొచ్చింది. నమ్మకపోతే మానండి.

విద్యావతి సందుగ తెరిచి, తల లోపల పెట్టి, ఒక పూటంతా వెతికింది. అడుగున దొరికాయి: సుందరబాయి కొడుకు పెళ్లిలో పెట్టిన ఆహేర్. సుందరబాయి మాకు దూరపు చుట్టం, చేతి నిండా పెట్టే మనిషి. నాందేడ్‌లో తాన్లకు తాన్లు ఒకే బట్ట తెప్పించి, పెళ్లికొచ్చిన మగవాళ్లందరికీ అదే షర్టు పీసు, ఆడవాళ్లందరికీ అదే రంగు చీర పెట్టింది. రంగు పేరు రామా. బట్టల షాపుల్లో అడిగితే చూపిస్తారు. నెమలి మెడ రంగుకు కొంచెం పాచి కలిపితే అది. మా ఇంట్లో ముగ్గురు మగవాళ్లకు మూడు పీసులు, ముగ్గురు ఆడవాళ్లకు మూడు చీరలు. నాగనాథ్ పీసు పెద్దది, అందులో మిగిలిన దాంతో పిల్లలిద్దరికీ అవుతుంది. ఏ జెండాలోనూ ఆ రంగు లేదు. విద్యావతి ఆ మడతలు ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది, పంట ఇంటికి చేరినట్టు.

పంట ఇంటికి చేరితే అయిపోతుందా? అమ్మకం ఉంటుంది గదా.

పార్వతీబాయి, "అవి కుట్టించుకునేటియి గావు బిడ్డా, పెట్టేటియి" అని రెండు రోజులు ఇవ్వలేదు. ఇచ్చాక నాగనాథ్ కొలతలకు రానన్నాడు. నా పాత షర్టు కొలతకు పంపితే దర్జీ మారోతి, ఇది ముప్పై ఏళ్ల కిందటి తాతది, ఇప్పటి తాతను పంపండని తిప్పి పంపాడు. యోగేశ్ షర్టు భుజాలు బిగిశాయి. మా మనవరాలు ప్రజ్ఞకు పన్నెండేళ్లు, షర్టు బట్టతో కుర్తీ కుడితే వేసుకోనని తలుపేసుకుంది. విద్యావతి మారోతి దుకాణానికి ఎన్నిసార్లు తిరిగిందంటే, ఆ దారిలో కుక్కలు ఆమెను చూసి మొరగడం మానేశాయి.

"రేపు ఇస్త వైనీ," అంటాడు మారోతి. వదినెను ఇక్కడ వైనీ అంటారు.

"నిన్న గూడ రేపే అన్నవు."

"ఏంజెయ్యాలె? ఈసారి ఊరంత గీ రంగే తెచ్చి నా మొహాన గొట్టిండ్రు. కండ్లు మూసుకుంటె గూడ గిదే రంగు కనవడుతుంది."

దివాళీ ముందు ప్రతి దర్జీ ఏదో ఒకటి ఏడుస్తాడు. విద్యావతి పట్టించుకోలేదు. మేమెవ్వరం పట్టించుకోలేదు. వానలు మా చేను ఒక్కదాన్నే ముంచాయా, మా ఒక్కరి సందుగే తెరుచుకుందా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

భావుబీజ్ నాడు పొద్దున్నే వర్ష దెగ్లూర్ నుంచి బస్సు దిగింది. అన్నదమ్ములకు హారతి పట్టే పండుగ, ఆడబిడ్డ రాకుండా ఎట్లా? అల్లుడు దుకాణం విడిచి రాలేడు. వర్ష గులాబీ చీరలో మెరిసిపోతూ గడపలోకి వచ్చి, రామా రంగులో వరుసగా కూర్చున్న మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"గిదేంది? అందరు ఒక్కతీరుగ?"

శీతల్ సంగతి చెప్పింది. విద్యావతి ఆత్రంగా అడిగింది, "వర్షా, సుందరబాయి కొడుకు పెండ్లిల నీకు గూడ ఈ చీర పెట్టింది గదా?"

"పెట్టింది వదినె. మా ఆడబిడ్డ పెండ్లికి నేనది పెట్టేసిన. నాకేం ఎరుక?"

 వర్ష నవ్వుతూనే, "పోనీ తియ్యుండ్రి, నేను పక్కన కూసుంట" అంది. కొంగు మాత్రం కళ్లకు అడ్డం పెట్టుకుంది.  పార్వతీబాయి విద్యావతి వైపు తిరిగింది.

"ఇంటి ఆడబిడ్డ పండుగ దినం రంగు తప్పి నిలబడుతదా? నువ్వంటె సర్దుకుంటవు బిడ్డా."

విద్యావతి లోపలికి పోయింది. కట్టుకున్న రామా చీర విప్పి, మడత పెట్టి తెచ్చి వర్ష చేతిలో పెట్టింది. తను ఎప్పుడో కొన్న మామిడిపండు రంగు చీర కట్టుకుని వచ్చింది. ఇంటికి తాళం వేసి తాళంచెవి నా చేతికిచ్చేటప్పుడు నా వేళ్లు నలిగాయి.

నందకిషోర్ స్టూడియో బజారులో బట్టల దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కి పోవాలి. మేం వెళ్లేసరికి మెట్ల నిండా జనం. సగం మంది రామా రంగు. ఒక ముసలాయన షర్టు చూసి నేను అద్దమనుకుని జుట్టు సవరించుకున్నాను. సుందరబాయి ఇంటి పెళ్లి భోజనం తిన్నవాళ్లంతా ఆ మెట్ల మీదే ఉన్నారు. ఒకరినొకరు చూసుకుని ఎవరూ పలకరించుకోలేదు. ఆహేర్ బట్ట తొడుక్కుని దొరికిపోయినవాళ్లు ఏం మొహం పెట్టుకుని పలకరించుకుంటారు?

"అక్కా, ఇగ మన ఫోటో చూసి ఎవలన్న ఇది మీది అని ఎట్ల గుర్తుపడ్తరు?" అంది శీతల్, విసుగ్గా.

"మొహాలుంటయి గదా," అంది విద్యావతి.

నందకిషోర్ తలుపు తీశాడు. పండుగ గిరాకీతో వాడికి ఊపిరాడడం లేదు. మా మొహాలు చూసే తీరిక లేదు, బట్టలు చూశాడు.

"రామా రంగోళ్లు లోపలికి రండి! జల్ది, జల్ది!"

లోపలికి పోయాం. ఒకరినొకరు తోసుకుంటూ తెర ముందు నిలబడ్డాం. వాడు ఎత్తుల వారీగా జరిపాడు. నన్నూ పార్వతీబాయినీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. అప్పుడు విద్యావతి దగ్గరికొచ్చి ఆగాడు.

"వైనీ, మీరు జర పక్కకు జరుగుండ్రి. గీ పసుప్పచ్చ నడుమల మస్తు కొడుతది. మొత్తం మ్యాచింగ్ ఖరాబైతది."

విద్యావతి మా వైపు చూసింది. నాగనాథ్ కాలర్ సర్దుకుంటున్నాడు. యోగేశ్ భుజాలు కదిపితే కుట్లు పోతాయని కొయ్యబొమ్మలా నిలబడ్డాడు. పార్వతీబాయి మనవణ్ణి ఒళ్లోకి లాక్కుంటోంది.

"ఒక్కటి గిట్ల తీసినంక, మీతోని ఇంకోటి తీస్త," అన్నాడు నందకిషోర్.

"అక్కా, గీ బ్యాగు పట్టు," అంది శీతల్. వర్ష తన సంచీ ఇచ్చింది. ప్రజ్ఞ చెప్పులు విప్పి తల్లి కాళ్ల దగ్గర పడేసింది. యోగేశ్ జేబులో ఫోన్ ఉబ్బెత్తుగా కనిపిస్తుందని తీసి ఇచ్చాడు. "వదినె, దీంట్ల గూడ ఒకటి కొట్టు."

అట్లా మళ్లీ ఫోన్ ఆమె చేతికే వచ్చింది. రెండు భుజాలకు రెండు సంచులు, కాళ్ల దగ్గర చెప్పులు. నందకిషోర్ కెమెరా వెనక వంగాడు. ఆమె ఫోన్ ఎత్తింది. ఎత్తి, ఒక చివర నుంచి ఇంకో చివరకు మమ్మల్ని చూసింది. చూసి, ఫోన్ దించింది.

"గాయన ఎవరు?"

"ఎవరు?" అన్నాడు నాగనాథ్.

"నీ పక్కన నిలబడ్డాయన."

అందరం తిరిగి చూశాం. వరుస చివర ఒక సన్నని కుర్రాడు. రామా రంగు షర్టు, కొత్త గడియారం, నుదుట కుంకుమ. ఎంతో వినయంగా నిలబడ్డాడు. లోపలికి వస్తూ పార్వతీబాయి అతని కాలర్ సరిచేయడం నేను చూశాను. వర్ష మరిదేమోనని ఆమె అనుకుందట. వర్షేమో అతను శీతల్ తమ్ముడనుకుంది. శీతల్ మా వైపు చుట్టమనుకుంది. నేను ఏమీ అనుకోలేదు, రంగు కలిసింది గదా అని ఊరుకున్నాను.

"నేను... సగరోళి నుంచి," అన్నాడు కుర్రాడు. "నా పేరు దత్తు. దివాళ్‌సణ్‌కు అచ్చిన. నంబరు పట్టుమని అత్తగారోల్లు పైకి తోలిండ్రు. రామా రంగోళ్లు రండి అన్నరు గదా. నేను మీరందరు మా అత్తగారి బలగమే అనుకున్న."

కొత్తగా పెళ్లయిన అల్లుడు అత్తగారింట చేసుకునే మొదటి దివాళీని ఇక్కడ దివాళ్‌సణ్ అంటాం. పాపం అతనికి అత్తగారి వైపు మొహాలు ఇంకా పట్టుబడలేదు. ఎవరు నిలబెడితే అక్కడ నిలబడడం, ఎవరు కాలర్ సరిచేస్తే వాళ్లకు దండం పెట్టడం, అదే అతని పని.

యోగేశ్ ఫక్కుమన్నాడు. భుజం కుట్టు పుటుక్కుమంది. విద్యావతి నవ్వలేదు. సంచులు ఒకదాని తర్వాత ఒకటి నేల మీద పెట్టింది. ఫోన్ వాటి మీద పెట్టింది.

"దారిన పోయేటాయన. పేరు గూడ ఎరుక లేదు. అంగీ రంగు కలిసెనని మీ నడుమల నిలబడ్డడు, ఎవరు ఏమనలే. ఆయన కాలర్ గూడ సర్దిండ్రు. పదిహేనేండ్ల సంది మీ ఇంట్ల రొట్టెలు కొడుతున్న. చీర రంగు తప్పిందని నన్ను సంచులు మొయ్యనీకి నిలబెట్టిండ్రు. ఆ రంగు ఎవలు ఎతికిండ్రు? ఆ అంగీలు ఎవలు కుట్టిచ్చిండ్రు? ఆ చీర ఎవలది?"

వర్ష కొంగు పట్టుకుని తల దించుకుంది. నాగనాథ్ గొంతు సవరించుకున్నాడు. "నందకిషోర్ ఇంకోటి తీస్తనన్నడు గదే..."

"ఇంకోటి వద్దు. గిదే."

నడిచి వచ్చి నా కుర్చీకీ పార్వతీబాయి కుర్చీకీ మధ్య నిలబడింది. కుర్రాడు భయపడి పక్కకు జరగబోయాడు. పార్వతీబాయి అతని చెయ్యి పట్టుకుంది. "దివాళ్‌సణ్ అల్లున్ని నిలబడ్డకాడికెళ్లి లేపద్దు. పాపం తాకుతది. నిలబడు నాయనా."

"కాని వైనీ, రంగు..." అన్నాడు నందకిషోర్.

"తియ్యి."

అప్పుడే మెట్ల మీద నుంచి ఒక ఆడమనిషి కేకేసింది, "మా అల్లుడేడీ?" అని. అందరం తలుపు వైపు తిరిగాం. కెమెరా మెరిసింది. ఒక్క విద్యావతే కెమెరా వైపు చూస్తోంది. కళ్లు పెద్దవి చేసి, పెదవులు బిగించి, ఎవరైనా ఎదురు మాట్లాడితే చెంప పగిలేటట్టు.

వర్ష ఇంటికి రాగానే రామా చీర విప్పి వదినె చేతిలో పెట్టబోయింది. విద్యావతి తీసుకోలేదు. పెళ్లి వస్తే ఎవరికైనా పెట్టుకో అంది. ఆ ఫోటో ఇప్పుడు ముందరింట్లో ఉంది. చాయ్ తాగడానికి వచ్చినవాళ్లు చూస్తారు. నాగనాథ్ ఓట్ల గురించి ఎవరూ అడగరు. నడుమ ఉన్నామె ఎవరని అడుగుతారు. మేము తలుపు వైపు చూస్తున్న రామా రంగు గుంపు.

ఇదంతా రాసి నిన్న విద్యావతికి చదివి వినిపించాను. కంది పప్పు చెరుగుతూ, చాట ఆపకుండా విన్నది.

"ఎవల కత ఇది?"

"నీదే బిడ్డా."

"నలుగురు చదివితె ఇంటిని ఏమంటరు? నేను గట్ల ఒక్క మాట అనలే."

"మరి సంచులు?"

"సంచులు నావే. నాకెవరు ఇయ్యలే. చీర గూడ వర్ష అడుగలే, అత్తమ్మ అనలే. సందుగ ఎవలు తెరువలే."

"ఆ దత్తు?"

"గట్లాంటోడు ఎవడు లేడు."

"మరి గోడ మీద వరుస చివర నిలబడ్డాయన?"

"ఎవలో ఉంటరు."

"నడుమల మామిడిపండు రంగు చీరామె?"

చాట ఒకసారి గట్టిగా విసిరింది, పొట్టు నా కాగితాల మీద పడేటట్టు. గోడ వైపు తిరగనైనా లేదు.

"నాకేం ఎరుక మామా. మేము అసలు ఫోటోనే దిగలే."